చెలమ ఊరేలోపల

చెలమలో నీళ్ళు ఊరడాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. అందులోనూ ఎండాకాలం చివర్న, అందులోనూ ఉరవకొండ చుట్టుపక్కల. రమీజా ఎండిన వంకలో ఇసుక మీద మోకాళ్ళూని, టెంకాయ చిప్ప పట్టుకున్న చెయ్యి గుంతలోకి చాచి, అడుగున చేరుతున్న తడిని చూస్తోంది. ముందు ఇసుక నల్లబడుతుంది, తర్వాత మెరుస్తుంది, తర్వాత ఎటునుంచి వచ్చాయో తెలియకుండా చిప్పెడు నీళ్ళు అక్కడుంటాయి. తొందరపడి గీకితే బురద లేస్తుంది, బురద నీళ్ళు తీసుకుపోతే ఇంటికాడ అమ్మ నోరు లేస్తుంది. బిందె ఇంకా సగం కూడా కాలేదు. కాకపోవడమే మంచిదనుకుంది. బిందె నిండితే ఇంటికి పోవాలి, ఇంటికి పోతే మాట చెప్పాలి. ఇంట్లో అమీర్ బీ, మొదటి బస్సుకు దిగిన మనిషి, తన కొడుకు రహంతుల్లాను ఈ పిల్ల చేసుకుంటుందో లేదో తేల్చుకుపోదామని చాప మీద కూర్చుని టీ ఊదుకుంటూ ఉంది. బిందె చంకలో పెట్టుకుని వాకిలి దాటుతుంటే అమ్మ మస్తానాబీ వెనకాలే వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "నీళ్ళు తెచ్చేలోపల తేల్చుకో. నాయన నిన్ను బలవంతం చెయ్యడు, నేనూ చెయ్యను. అయితే వాళ్ళను ఊరికే తిప్పుకోవద్దు. నువ్వు కాదంటే వాళ్ళు ఈ పూటే కుందుర్పికి పోతారంట, ఆడ ఇంగో పిల్ల ఉండాది." కుందుర్పి పిల్ల. ఎలా ఉంటుందో ఆ పిల్ల. కుందుర్పిలో మాత్రం నీళ్ళున్నాయా ఏమన్నా, ఆ పిల్ల కూడా ఇప్పుడు ఏదో ఒక చెలమ కాడ చిప్ప పట్టుకొని కూర్చునే ఉంటుంది.

కాదనాలనే బయల్దేరింది రమీజా. తప్పంతా ప్రసేన్ బాబుది. ప్రసేన్ బాబంటే ఊర్లో మనిషి కాదు, వారపత్రికలో వస్తున్న సీరియల్ నవలకు హీరో. ఆరడుగుల పొడుగు, నుదుటి మీద పడే జుట్టు, నల్ల కారు, రెండంతస్తుల మేడ, ముక్కు మీద కోపం. పంతులుగారి భార్య చదివేసి ఇచ్చిన పత్రికను రమీజా పొయ్యి ముందు కూర్చుని చదువుతుంది, ఆ వారం రొట్టె మాడుతుంది, మర్నాడు చెలమ కాడ ఆ కథంతా ఆడవాళ్ళకు చెప్తుంది. ఎనిమిదో తరగతి దాకా చదివిన ఆడపిల్ల ఈ వీధిలో ఆమె ఒక్కతే కాబట్టి కథ చెప్పే పని ఆమెదైపోయింది. చెలమ కాడ వంతు వచ్చేదాకా చేసేదేముంది, ఎవరి వంతుకు వాళ్ళు ఇసుకలో కాళ్ళు చాపుకొని ఊ కొడుతూ వింటారు. వాళ్ళు వినే పద్ధతి వేరు. ప్రసేన్ బాబు హీరోయిన్ సులోచన మణికట్టు పట్టుకుంటే రమీజాకు ఒళ్ళు ఝల్లుమనేది, వాళ్ళలో ఆంజినమ్మకేమో ఆ సులోచన నీళ్ళకు ఎప్పుడు పోతుందా అని అనుమానం. "ఆ యమ్మికి పనే లేదా, పొద్దస్తమానం కిటికీ కాడ నిలబడేదేనా, వాళ్ళింట్లో నీళ్ళెవరు తెస్తారు?" అని అడిగింది ఒకసారి, రమీజా నవల మొత్తం వెతికినా ఎక్కడా బిందె లేదు. ఇంకొకటి వాన. ఆ నవలలో ప్రతివారం వాన పడుతుంది. ప్రసేన్ బాబుకు కోపం వచ్చిందా కుండపోత, సులోచన మనసు విరిగిందా కుండపోత, ఇద్దరూ కలిసినా కుండపోతే. అక్కడికి రాగానే ఆడవాళ్ళు గబుక్కున సర్దుకు కూర్చునేవాళ్ళు. ఆ వాన పడిన కాడ ఇంగొకసారి చెప్పు పాపా, చూర్లోంచి కారిందన్నావే, అది చెప్పు. హీరో ఏమైపోయినా వాళ్ళకు పట్టదు. రమీజా మనసులో వాళ్ళ మీద జాలిపడేది, వీళ్ళకు ప్రేమంటే ఏం తెలుసులే అని.

దూరంగా గట్టు మీంచి టుంయ్ టుంయ్ మని మోత. దూదేకే విల్లు. రమీజా చెయ్యి చిప్పతో సహా ఆగింది. అతనే. తల్లితో పాటు బస్సు దిగాడు కానీ ఇంట్లోకి రాలేదు, వాకిట్లోనే నిలబడి నాయనతో అన్న మాట ఆమె చెవిన పడింది, నేనీడ కూర్చుంటే ఆ అమ్మాయికి కాదని చెప్పడానికి మొగమాటమవుతాది మామా, అని. విల్లు భుజాన వేసుకొని గట్టు మీది చెన్నప్ప ఇంటివైపు పోయాడు. మొగమాటమవుతుందంట. ఎవరైనా అంటారా అలాంటి మాట. కాదని చెప్పడానికి వీలుగా పక్కకు తప్పుకునే మనిషికి తన మీద ఏం ప్రేమ ఉన్నట్టు. ప్రసేన్ బాబైతే తలుపు బద్దలు కొట్టుకొని లోపలికి వచ్చేవాడు. పోయిన నెల పెళ్ళిచూపుల్లోనూ ఇదే. నిజానికి ఆ రోజు ఆమె రెండు పూటలు అద్దం ముందు కూర్చుంది, ఎలా చూస్తాడో, చూపుతోనే ఏం చెప్తాడో అని. వచ్చాడు. పొడుగేమీ కాదు. పొద్దున ఎవరింట్లోనో పరుపు దూది ఏకి నేరుగా వచ్చినట్టున్నాడు, మొహం కడుక్కున్నాడు కానీ కనుబొమల్లో దూది అలాగే ఉండిపోయింది, ఎడమ కనుబొమలో ఎక్కువ. పెద్దవాళ్ళందరూ ఉండగానే తల ఎత్తి, నెమ్మదిగా, "నన్ను చేసుకొనేది నీకు ఇష్టమేనా? ఇష్టం లేకుంటే చెప్పు, నేనేమీ అనుకోను. ఆలోచించుకొని చెప్పినా సరే" అన్నాడు. నాయన బుడేన్ సాబ్ ముచ్చటపడి నవ్వాడు. రమీజాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఏమీ అనుకోడంట. తను కాదంటే ఈ మనిషి ఏమీ అనుకోకుండా టీ తాగి బస్సెక్కుతాడన్నమాట. నువ్వు నాదానివి, కాదనే హక్కు నీకు లేదు, అని ప్రసేన్ బాబు గర్జించిన వారం ఆమె ఆ పేజీని మడత పెట్టి దాచుకుంది. ఇక్కడేమో హక్కులన్నీ ఆమె చేతికే ఇచ్చేసి కనుబొమల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు ఈ మహానుభావుడు.

నీళ్ళు ఊరాయి. నిదానంగా ముంచి బిందెలో పోసింది. చిప్ప అంచు నుంచి ఒక్క చుక్క జారి ఇసుకలో పడితే ప్రాణం ఉసూరుమంది. విల్లు మోగుతూనే ఉంది, ఒకసారి గట్టిగా, రెండుసార్లు మెల్లగా, మళ్ళీ గట్టిగా. చిన్నప్పుడు నాయన కూడా ఇదే పని చేసేవాడు, రొప్పు పట్టుకున్నాక మానేసి బస్సులు ఆగే చోట టీ అంగడి పెట్టుకున్నాడు. ఇంట్లో ఆ మోత ఆగిపోయిన రోజుల్లో ఆమెకు చాన్నాళ్ళు నిద్ర పట్టలేదు. ఈ మాట ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పుడు. మోత బాగుంది. మోత బాగుంటే, మోత చేసే మనిషిని చేసుకోవాలని ఎక్కడుంది. నాయన టీ అంగడి అనుకోగానే సుబ్బలక్ష్మమ్మ గుర్తొచ్చింది, గుర్తు రావద్దనుకున్న సంగతే. బళ్ళో పక్కపక్కన కూర్చున్న పిల్ల, పంతులు బయటికి పంపేదాకా నవ్వేది, పంపాక బయట నిలబడీ నవ్వేది. దానికి దొరికాడు అసలైన ప్రసేన్ బాబు. పెళ్ళాం కంటికి కనపడకపోతే ఉండలేడంట, చెలమకు పంపడంట, పుట్టింటికి పంపడంట, అన్నతో మాట్లాడినా ఓర్చుకోలేడంట. ఆ మాటలు విని రమీజా కుళ్ళుకుంది కూడా. పోయిన నెలే టీ అంగడి కాడ బస్సు కోసం నిలబడి కనిపించింది, మొగుడు అటు బీడీ కొనుక్కుంటున్నాడు. రమీజా దగ్గరికి పోయి, "నిన్ను ఇడిసి ఒక్క పూట ఉండలేడంట గదే" అని ముచ్చటగా అడిగింది. సుబ్బలక్ష్మమ్మ కొంగు లాగి ముంజేతుల మీద కప్పుకుంది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, కొంగు కప్పుకునే కాలమా అది. "ఉండలేడు" అంది. అంతే అంది. బస్సెక్కేదాకా నవ్వలేదు, కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. కొంగు జారినప్పుడు ఒక చేతికి గాజులు లేవు. రమీజా ఆ రోజు ఇంటికొచ్చి పత్రిక తెరిచింది, ఆ వారం ప్రసేన్ బాబు పట్టుకు సులోచన గాజులు చిట్లాయి, రక్తం చిందింది, ఎంత తీయని బాధ అని రాశారు. చదివింది. రెండూ ఒకే రోజు చూసి కూడా రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు ఆ తలకు.

"ఏంమే, నిద్రపోతాండావా?" అంది తిమ్మమ్మ. తర్వాత వంతు ఆమెది. చెన్నప్ప పెళ్ళాం, గొర్రెల మంద కాసి కాసి గొంతు పెద్దదైపోయిన మనిషి, తుమ్మచెట్టు చారెడు నీడలో కూర్చుని వేపపుల్ల నములుతోంది. "నీళ్ళు ఊరేలోపల ఈ వారందన్నా చెప్పు. ఏం చేసినాడు మన బాబు?"

ఈ వారంది పొయ్యి ముందు మూడుసార్లు చదివింది రమీజా, కళ్ళు తుడుచుకుంటూ మరీ. గేటు కాడ సులోచన తన మేనమామ కొడుకుతో మాట్లాడుతూ ఉంటే ప్రసేన్ బాబు చూశాడు, విందుకు వచ్చిన అతిథులందరి ముందూ చెంప చెళ్ళుమనిపించాడు, ఆమె మెట్ల మీద పడింది. చదివినప్పుడు ఎంతో గొప్పగా ఉన్న ఆ ముక్క, ఈ ఎండలో, ఈ ఇసుకలో, తన నోటితో తానే బయటికి చెప్తుంటే వేరేగా వినిపించింది.

"కొట్టినాక?" అంది తిమ్మమ్మ.

"ఏడ్చిందవ్వా."

"ఏడ్చి?"

"ఇంత కోపం వచ్చిందంటే నామీద ఎంత ప్రేమ ఉండాలని..." రమీజా ఆగి చిప్ప వైపు చూసింది. "సంతోషపడింది."

తిమ్మమ్మ వేపపుల్ల తీసి పక్కన ఉమ్మేసింది. "మావోడూ ఒగసారి చెయ్యెత్తినాడు, పెండ్లయిన కొత్తల్లో. ఇంగ రేపట్నుంచి ఆ చేత్తోనే సంగటి కెలుక్కోప్పా, అంటి. కెలుక్కున్యాడు, మాడింది, మాడిందే తిన్యాడు. మళ్ళా ఎత్తలే. ప్రేమంట, కొట్టేది." కాసేపు తనలో తాను నవ్వుకుంది, ఆ మాడిన సంగటి కళ్ళముందు కనపడినట్టుంది. తర్వాత గట్టువైపు చెవి పెట్టి, "ఆ పిల్లోడు మా ఇంటి కాడనే ఉండాడు. మీ పిల్లోడు" అంది.

మా పిల్లోడేంది అవ్వా అనబోయి అనలేకపోయింది రమీజా.

"పోయినేడు మావోడు కాయల బండి మీంచి పడె గదా, నడుము పట్టుకొని పండుకోలేడు, కూర్చోలేడు. పరుపు కుట్టిస్తి. పరుపులు కుట్టేవాళ్ళను శానామందిని చూసినా, దూది కుక్కుతారు, కుట్టేస్తారు, పోతారు. ఈ పిల్లోడు అట్ల కాదు. కడపటి కుట్టు వెయ్యడు. ఒగ మూల తెరిచి పెట్టి, పండుకో పెద్దాయనా, యాడ ఒత్తుకుంటాందో చెప్పు, అంటాడు. మావోడు ఈడ అంటాడు. దూది తీస్తాడు. ఇప్పుడెట్లుండాది? ఆడ అంటాడు. దూది పెడతాడు. నాకే ఇసుగు పుట్టింది, కుట్టేసి పోరాదా నాయనా అంటే, పండుకునేది ఆయన గదా అవ్వా, నేను కాదు గదా, అంటాడు. బాగుండాదని మావోడు నోటితో చెప్పేదాకా సూది ముట్టుకోలే. ఈ పొద్దు చూస్తే మళ్ళా వచ్చినాడు, ఏడాదైంది గదా, దూది గడ్డకట్టింటాది, ఇప్పి ఏకి ఇస్తానని."

రమీజా అంతసేపూ నీళ్ళు ఊరినప్పుడల్లా ముంచి పోసుకుంటూనే వింది, ఇప్పుడు చెలమలోకి చూస్తూ ఆగింది. నల్లబడింది ఇసుక. మెరిసింది. ఇష్టం లేకుంటే చెప్పు. యాడ ఒత్తుకుంటాందో చెప్పు. ఒకే గొంతు. ఒకే అడగడం. అల్లా, ఆ మనిషి పెళ్ళిచూపుల్లో తనను అడిగింది అదా. ప్రేమ లేక కాదు, పట్టనితనం కాదు, అతనికి వచ్చిన పద్ధతే అది, ఎదుటి మనిషి నోటితో చెప్పేదాకా మూల తెరిచి పెట్టడం. పండుకునేది ఆయన గదా, నేను కాదు గదా. సులోచనను ఎప్పుడైనా ఎవరైనా ఒక్క మాట అడిగారా, ఇన్ని వారాల్లో, ఇంత వానలో. అడగలేదు. సుబ్బలక్ష్మమ్మను అడిగారా. తనను అడిగారు, నిండా మనుషులున్న ఇంట్లో, అందరికీ వినపడేటట్టు అడిగారు, తనేమో మొహం ముడుచుకొని, కనుబొమల్లో దూది లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎంత తెలివితక్కువ ముండవే రమీజా, అనుకుంది, అనుకోగానే నవ్వొచ్చింది, ఎక్కడో కడుపులో మొదలై పైకి ఊరింది, ఆపుకుందామన్నా ఆగలేదు. సంతోషం, అచ్చమైన సంతోషం, ఎండలో కూర్చుని తనలో తాను నవ్వేంత సంతోషం. అప్పుడు గమనించింది, గట్టు మీద విల్లు మోత లేదు. ఎప్పుడు ఆగిందో. మాట తెలియక ముందే బస్సు కాడికి పోయారేమో, అమ్మ తొందరపడి కాదనే చెప్పేసిందేమో, కుందుర్పి పిల్ల చిప్ప పక్కన పెట్టి జడ వేసుకుంటోందేమో. బిందె నిండటానికి ఇంకా రెండు చిప్పలు కావాలి. జన్మలో మొదటిసారి ఆమె చెలమను తొందరపెట్టబోయింది, చెయ్యి ఇసుకలోకి పోయింది, బురద లేచింది.

గట్టు మీద దగ్గు వినిపించింది. ఆడవాళ్ళు చెలమ కాడ ఉంటే మగవాళ్ళు దగ్గి, దూరంగా నిలబడి, రమ్మంటేనే దిగుతారు. "రాప్పా" అని అరిచింది తిమ్మమ్మ. రహంతుల్లా ఇసుకలోకి దిగాడు. తలంతా దూది, రెండు కనుబొమలూ తెల్లగా, వయసు మళ్ళిన తర్వాత ఎలా ఉంటాడో ఇప్పుడే చూపిస్తున్నట్టున్నాడు. బాగానే ఉంటాడు, అనుకుంది రమీజా.

"కుట్టేసినావా?" అంది తిమ్మమ్మ.

"లేదవ్వా. ఎట్లుండాదో చూడు పెద్దాయనా అని పండుకోబెడితే నిద్రపోయినాడు. లేపాలంటే మనసు రాలే. లేస్తే కుడతా." రమీజా వైపు చూడకుండా, "రోంత నీళ్ళు తాగుదామని వస్తి" అన్నాడు.

తిమ్మమ్మ ఉన్నట్టుండి గొర్రెలేవో గుర్తొచ్చినట్టు మొహం అటు తిప్పుకుంది, చెవులు మాత్రం ఇటే ఉంచింది. రమీజా బిందెలోంచి తేట నీళ్ళు ముంచి పోసింది. అతను వంగి దోసిట పట్టి తాగాడు, ఒక్క చుక్క కింద పడనివ్వకుండా, చివరి తడి కూడా మొహానికి రాసుకున్నాడు. అడగాలి. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగడం తనవల్ల కాదు.

"నేను కాదంటే ఏం చేస్తావు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఇసుక వైపు చూసి, తిమ్మమ్మ వీపు వైపు చూసి. "ఏడుస్తా" అన్నాడు. "శానా ఏడుస్తా అనుకుంటాండా. అమ్మకు కనపడకుండా. తర్వాత పరుపులుంటాయి గదా, కుట్టాల." కాస్త ఆగి, "అయినా నువ్వు చెప్పాల్సిందే చెప్పు. నేను ఏడుస్తానని ఔననొద్దు" అన్నాడు.

తలుపులేమీ బద్దలు కాలేదు. వాన పడలేదు. ఆకాశం ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. రమీజాకు మాత్రం ఆ మాటకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఈ కరువులో అవెక్కడినుంచి వచ్చాయో. చూస్తే చెలమలో బురద దిగిపోయి నీళ్ళు తేటపడ్డాయి. ఆ రెండు చిప్పలూ, అతను తాగినంతా ముంచి బిందె నింపుకుంది, తీరిగ్గా, అతన్ని నిలబెట్టి. లేచి నిలబడింది.

"ఏడవొద్దు" అంది. "పెద్దాయన లేచినాక ఆ పని ముగించుకొని ఇంటికి రా. నాకు నువ్వు ఇష్టమే. నేనే చెప్తా మీ అమ్మకు. ఇంగ మనకు కూడా ఒగ పరుపు కుట్టు."

రహంతుల్లా చెవుల దాకా ఎర్రబడ్డాడు, దూది కింద కూడా ఆ ఎరుపు కనిపించింది. ఇంత పెద్ద మాట విన్నాక ఏ మగవాడైనా ఏదో ఒకటి అనాలి కదా, నవలలో అయితే రెండు పేజీలు అంటారు. అతను చివరికి నోరు పెగల్చుకుని, "మెత్తగా ఉండాల్నా, గట్టిగా ఉండాల్నా?" అని అడిగాడు.

రమీజా ఇసుక మీద కూలబడి నవ్వింది. తిమ్మమ్మ వేపపుల్ల పడేసి నవ్వింది. ఏం తప్పు మాట్లాడానో తెలియక అతను ఇద్దరినీ చూసి, తర్వాత తనూ నవ్వాడు. "మెత్తగానే" అంది రమీజా నవ్వుల మధ్యలో, "కుట్టే ముందర నన్నడుగు." అడుగుతా అని తలూపి, వంగి బిందె పట్టి ఆమె తల మీదికి ఎత్తాడు, చుట్టకుదురు సరిగ్గా కూర్చుందా అని అడిగి, కూర్చుందంటేనే చేతులు వదిలాడు. ముందు నడుచుకుంటూ గట్టెక్కి చెన్నప్ప ఇంటివైపు పోయాడు. నడుస్తున్నాడో పరిగెత్తుతున్నాడో చెప్పడం కష్టం.

బిందె తల మీద నిలదొక్కుకుని రమీజా రెండడుగులు వేసిందో లేదో వెనక నుంచి తిమ్మమ్మ కేకేసింది. తన వంతు వచ్చినా ఆమె ఇంకా చెలమలో చెయ్యి పెట్టలేదు.

"అయితే పాపా, ఆ పొద్దు కొట్టినాక ఏమైంది కత? మన బాబు ఏం చేసినాడు?"

రమీజా తల కదపకుండా మనిషంతా ఇటు తిరిగింది. పత్రిక చదివేది తనొక్కతే. చెప్పేదీ తనొక్కతే. ఇన్ని వారాలూ ఈ సంగతి తోచనే లేదు.

"సచ్చినాడవ్వా."

"పీడ పోయింది" అంది తిమ్మమ్మ తృప్తిగా. "ఎట్ల?"

"వానలో తడిసి. వారం వారం తడిసె గదా, జ్వరమొచ్చి పోయినాడు."

తిమ్మమ్మ ఆలోచనలో పడింది. చిప్ప చేతిలోకి తీసుకుని, చెలమ అడుగున నల్లబడుతున్న ఇసుకను చూసి, మళ్ళీ తలెత్తింది. మొహంలో దిగులు.

"వాడు పోతే పోయినాడు గానీ, వాన మాత్రం ఉంచు పాపా. వచ్చే వారం కూడా పడనీ."

ఉంచుతానవ్వా, కుండపోతగా పడుతుంది, అని మాటిచ్చి రమీజా ఇంటిదారి పట్టింది.